మృగశిర కార్తె రాకముందే కుండీలు చూసుకోండి: వేరుకుళ్లు జాగ్రత్తలు

బెజవాడ రోహిణి ఎండలకి రెండు పూటలా నీళ్లు పోసిన చెయ్యి, వానలు పడ్డాకా ఆగదు. అక్కడే మొక్కలు పోతాయి.

- ఆకులు వాలాయని వెంటనే నీళ్లు పోయకండి. మట్టిలో రెండు కణుపుల లోతు వేలు గుచ్చండి. తడి ఉండీ వాడిందంటే దాహం కాదు, గాలాడక వేళ్లు కుళ్లుతున్నాయి. ఇంకో చెంబు పోస్తే ఇక దక్కదు.

- అనుమానముంటే మొక్కని పెళ్లతో సహా బయటికి తీయండి. మంచి వేరు గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమరంగులో మెత్తగా, లాగితే పైతొక్క జారి సన్నని దారం మిగులుతుంది, మురుగు వాసన. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కుళ్లినదంతా కత్తిరించి, కొత్త మట్టిలో నాటండి. కోలుకునేదాకా ఎరువు వద్దు, లేత వేళ్లు మాడతాయి.

- ఉత్త నల్లరేగడి నింపకండి, నీళ్లు పట్టేసుకుంటుంది. ఇసుక, కొబ్బరిపొట్టు కలపండి.

- కింది పళ్లెం తీసేసి కుండీని ఇటుక ముక్కల మీద పెట్టండి, అడుగు కన్నం మూసుకుపోదు.