ట్రాఫికింగ్ బాధితురాలికి పరిహారం: దరఖాస్తు చేయించే నర్సు, కౌన్సెలర్ చూసుకోవాల్సినవి

ట్రాఫికింగ్ (మనుషుల అక్రమ రవాణా) మీద ఆసుపత్రి సిబ్బందికి, సఖి సెంటర్ (హింసకు గురైన మహిళలకు సాయం చేసే కేంద్రం) వాళ్ళకి ఇచ్చే శిక్షణలో బాధితురాలిని ఎలా గుర్తుపట్టాలో, ఎలా మాట్లాడించాలో, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఎప్పుడు ఫోన్ చేయాలో వివరంగా చెబుతారు. ఆమెకు రావాల్సిన పరిహారం సంగతి మాత్రం చాలాసార్లు చివరి పది నిమిషాల్లో తేల్చేస్తారు. తీరా పునరావాస హోమ్‌లో ఆ అమ్మాయి మిమ్మల్ని అడిగేది దాని గురించే.

కేసు తేలాక డబ్బులొస్తాయిలే అని చాలామంది ఊరుకుంటారు. అలా ఆగక్కర్లేదు. నిందితుడు దొరక్కపోయినా, విచారణే మొదలవకపోయినా, బాధితురాలు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 396 చెబుతోంది. పాత సీఆర్‌పీసీలో ఇదే 357ఏ. దీని కింద మహిళా బాధితుల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) తయారుచేసిన పరిహార పథకం సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉంది.

దరఖాస్తు ఇవ్వాల్సింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో. మన దగ్గర జిల్లా కోర్టు ఆవరణలో 'న్యాయ సేవా సదన్' అని బోర్డు ఉంటుంది, అదే. కేసు పుణెలోనో ఢిల్లీలోనో నమోదై ఉంటే అక్కడి సంస్థకు పంపించమని ఇక్కడి కార్యాలయంలో అడగండి. ఫోన్‌లో కనుక్కోవాలంటే 15100. ట్రాఫికింగ్ బాధితులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12లోనే ఉంది, కాబట్టి ఎవరికీ ఫీజు కట్టనివ్వకండి.

దరఖాస్తు పత్రమైన ఫారం-1 మీద బాధితురాలో, ఆమె మీద ఆధారపడినవాళ్ళో, పోలీస్ స్టేషన్ ఇన్‌చార్జి అధికారో (ఎస్‌హెచ్‌ఓ) సంతకం చేయాలి. మీరు దగ్గరుండి రాయించవచ్చు, సంతకం మాత్రం పెట్టలేరు. ఎఫ్‌ఐఆర్ లేదా ఫిర్యాదు నకలు జతచేయాలి. వైద్య నివేదిక ఉంటే అదీ, తీర్పు వచ్చి ఉంటే అదీ పెట్టాలి.

అసలు పని ఇక్కడే ఉంది. పథకం షెడ్యూల్‌లో, అంటే పరిహారం మొత్తాల పట్టికలో, 'ట్రాఫికింగ్' అనే వరుస విడిగా లేదు. ఆమెకు జరిగిన హాని ఏమిటన్నదాన్ని బట్టే లెక్క కడతారు. అత్యాచారమైతే 4 లక్షల నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారమైతే 5 నుంచి 10 లక్షలు. పునరావాసం అవసరమయ్యేంత తీవ్రమైన శారీరక గాయమో, మానసిక గాయమో ఉంటే 1 నుంచి 2 లక్షలు. ఎఫ్‌ఐఆర్‌లో పిటా (వ్యభిచార నిరోధక చట్టం) సెక్షన్లు మాత్రమే రాసి, కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్‌లోని ట్రాఫికింగ్ సెక్షన్ 143 గానీ, అత్యాచారం సెక్షన్ గానీ లేకపోతే ఆమె మీద జరిగిన హింస కాగితం మీదికే రాదు. అప్పుడు డాక్టర్ రాసిన నాలుగు ముక్కలే ఆధారం. 'పరీక్షించాం, పంపించాం' అని సరిపెట్టకుండా గాయాలు, గర్భం, నిద్రలేమి, భయం అన్నీ రాయించి, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నంబరు మీ డైరీలో కూడా వేసుకోండి.

ఇంకోటి పేరు. రెయిడ్‌లో దొరికిన అమ్మాయి పోలీసులకు తరచుగా చెప్పేది తనను పెట్టుకున్నవాళ్ళు పెట్టిన పేరు. ఎఫ్‌ఐఆర్‌లో 'పింకీ' అని, పాస్‌బుక్‌లో 'రమణమ్మ' అని ఉంటే ఉత్తర్వు వచ్చాక కూడా డబ్బు బ్యాంకు దగ్గర ఆగిపోతుంది. ఫారంలో 'రమణమ్మ అలియాస్ పింకీ' అని రెండూ రాయించండి. ఆ రెండో పేరు పలకడానికి ఆమె ఇష్టపడకపోవచ్చు, తొందరపెట్టొద్దు.

మధ్యంతర సాయం (తుది ఉత్తర్వుకు ముందే ఇచ్చేది) కూడా కావాలని దరఖాస్తులోనే రాయించాలి. షెడ్యూల్‌లోని గరిష్ఠ మొత్తంలో అది 25 శాతానికి తగ్గకూడదన్నది నియమం. అత్యాచారం కేసులో అంటే కనీసం 1.75 లక్షలు. అడక్కపోతే ఎవరూ గుర్తుచేయరు.

బాధితురాలికి 18 ఏళ్ళు నిండకపోతే దారి వేరు. పరిహారం పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) ప్రత్యేక కోర్టు చూస్తుంది. తిండి, బట్టలు, ప్రయాణం లాంటి తక్షణ ఖర్చులకు బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేస్తే వారంలోగా ఇవ్వాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. ఇటుక బట్టీల్లాంటి చోట్ల వెట్టిలో దొరికినవాళ్ళకు రెవెన్యూ అధికారులిచ్చే విడుదల పత్రం ముఖ్యం, ఆ పథకం వేరే.

ఇచ్చిన దరఖాస్తు నకలు మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. 60 రోజుల్లో తేల్చాలన్న గడువుకు ఆ తేదీయే లెక్క. మంజూరైన డబ్బులో 25 శాతమే వెంటనే చేతికొస్తుంది, మిగతా 75 శాతం కనీసం మూడేళ్ళు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది. ఈ సంగతి ఆమెకు ముందే చెప్పండి, లేదంటే మీరే మోసం చేశారనుకుంటుంది. ఖాతా ఆమె ఒక్కరి పేరు మీదే తెరిపించండి. ఇంట్లోవాళ్ళే అమ్మేసిన కేసుల్లో జాయింట్ అకౌంట్ అనే మాటే ఎత్తొద్దు.

తక్కువిచ్చినా, కాదన్నా 30 రోజుల్లో రాష్ట్ర సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. కాకపోతే ఉత్తర్వు హోమ్ అడ్రస్‌కి వచ్చేసరికి ఆమె అక్కడ ఉండకపోవచ్చు. వెళ్ళే రోజునే ఆమె నమ్మే ఒక ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి.