రెండు కోతల షెంగ్ పూఎర్‌ను పక్కపక్కన పెట్టి రుచి చూసే పద్ధతి

ఒకే తోట నుంచి, ఒకే తయారీదారు చేతి మీదుగా వచ్చిన ఇంకా ఎక్కువ వయసు రాని రెండు షెంగ్ (పచ్చి) పూఎర్ టీలు, ఒకటి వసంతకాలపు కోత, మరొకటి శరత్కాలపు కోత, ఇంటికి చేరినప్పుడు వాటి తేడా మొదటి గుక్కలోనే తెలిసిపోతుందని మనం ఆశపడతాం. కోత ఒక్కటి తప్ప మిగిలినవన్నీ సమానం చేసుకుంటే తప్ప అది తెలియదు.

చైనాలోని యున్నాన్ ప్రాంతపు పెద్దాకు తేయాకును వాడ్చి, బాణలిలో వేడిచేసి, నలిపి, ఎండలో ఆరబెట్టి, ఆవిరి పట్టించి బిళ్ళగా అదిమితే షెంగ్ అవుతుంది. మామూలుగా బిళ్ళ బరువు 357 గ్రాములు. పై కాగితం మీద ముద్రించిన సంవత్సరం చాలాసార్లు బిళ్ళను అదిమిన ఏడాదే తప్ప ఆకు కోసిన ఏడాది కాకపోవచ్చు కనుక, కొనేటప్పుడే ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి. వీలైతే ఒకే ఏడాది వసంత, శరత్ కోతలను ఎంచుకోవడం మేలు. 2022 వసంతాన్ని 2024 వసంతంతో పోల్చినప్పుడు వాతావరణంలోని తేడా, వయసు తెచ్చిన తేడా కలిసిపోయి, రెండింటినీ విడదీయడం కష్టమవుతుంది.

విశాఖ గాలిలోని తేమ ఈ టీలను త్వరగా మారుస్తుంది. అందుచేత రెండు నమూనాలనూ ఒకే అరలో, పోపు వాసన, అగరుబత్తి పొగ సోకని చోట, కనీసం రెండు వారాలు ఉంచిన తరువాతే మొదలుపెట్టాలి. పార్సిలు విప్పిన రోజే కాచుకోవడం వృథా.

బిళ్ళలోంచి ఆకు తీయడంలో నేను మొదట్లో పొరపాటు చేశాను. ఒకదాని అంచు నుంచి, మరొకదాని నడిబొడ్డు నుంచి తీసి, రెండోది మరీ చేదుగా ఉందని తీర్పు చెప్పేశాను. నడుమ గట్టిగా అదిమిన చోట ఆకు విరిగి నలుసులవుతుంది, ఆ నలుసులు చేదును ఒక్కసారిగా నీటిలోకి వదిలేస్తాయి. నేను చెప్పింది కోత గురించి కాదు, నలుసుల గురించి. ఇప్పుడు రెండింటినీ అంచు నుంచే, పొరలు పొరలుగా విడదీసి, పొడిని జల్లించి తీసేసి, గ్రాములో పదో వంతు చూపే చిన్న తూకం మీద ఆరేసి గ్రాములు తూస్తాను.

నూరు మిల్లీలీటర్ల గైవాన్లు, అంటే మూత ఉన్న పింగాణీ గిన్నెలు, ఒకే కొలతవి రెండు కావాలి. నీరు ఒకే బిందెలోది, ఒకేసారి మరిగించినది అయి ఉండాలి. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న మన ఊళ్ళో నీరు ఇంచుమించు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న యున్నాన్ కొండ ఊళ్ళలో అది 93, 94 డిగ్రీలకే మరుగుతుంది కనుక, అక్కడివారు వర్ణించిన మెత్తదనం మన కప్పులో కనిపించకపోవడం సహజం. అయినా పోలికకు మరిగే నీరే వాడండి, లోపాలను దాచనిది అదే. ఆకును ఒకసారి వేడినీటితో కడిగి ఆ నీరు పారబోసి, మొదటి రెండు కాపులను (అదే ఆకు మీద ప్రతిసారీ కొత్తగా నీరు పోసి వంచుకోవడమే కాపు) పది సెకన్లు, తరువాతి వాటిని క్రమంగా పెంచుతూ, కనీసం ఎనిమిది కాపుల దాకా వెళ్ళాలి. కోతల తేడా నిజంగా విప్పారేది నాలుగో కాపు తరువాతే.

వసంతపు ఆకులో చేదు, వగరు రెండూ బలంగా ఉండి, మింగాక గొంతులో తీపి ఊరుతుంది. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగినప్పుడు వచ్చే తీపే అది. దానిని చైనీయులు హుయిగాన్ అంటారు. శరత్కాలపు ఆకు సువాసనతో ముందుకు వస్తుంది, మూత తీయగానే పూలవాసన గుప్పుమంటుంది. కాని రసం పలచబడి, ఆరో కాపుకు డస్సిపోతుంది. ఇది సాధారణ ధోరణి మాత్రమే, ప్రతి తోటకూ వర్తించే నియమం కాదు. పొగవాసన వస్తే దానిని కోతకు అంటగట్టకండి, అది బాణలి కింది కట్టెలది కావచ్చు. రసం రంగు బంగారు వన్నె దాటి నారింజకు తిరిగితే వయసును, నిల్వను అనుమానించాలి.

కాపు కాపుకూ మధ్య ఉప్పు లేని మరమరాలు నాలుగు నమిలి నోరు శుభ్రం చేసుకోవాలి. ఏ టీ ముందు తాగాలన్న వరుసను ప్రతిసారీ మార్చాలి, ఎందుకంటే ముందు తాగిన వగరు రెండో కప్పును తీపిగా చూపిస్తుంది.

చివరగా, ఇంట్లో ఒకరిని పిలిచి మూడు కప్పులు మీరు చూడకుండా పోయమనండి: రెండింట ఒకే టీ, ఒకదానిలో వేరేది. వేరుగా ఉన్న కప్పును గుర్తుపట్టాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది కనుక, వరుసగా మూడుసార్లు సరిగ్గా చెబితేనే ఆ తేడాను నమ్మవచ్చు. అప్పుడు తడి ఆకులను తెల్లటి పళ్ళెంలో పరిచి, కాడల మందాన్ని, ఆకు వెడల్పును వేళ్ళతో తడిమి చూసి, రుచి గురించి కాగితం మీద రాసుకున్న మాటల పక్కన అవీ చేర్చి, దానిని మడిచి పెట్టండి. రెండు వారాల తరువాత ఇదంతా మళ్ళీ చేసి, ఆ కాగితాన్ని అప్పుడే తెరవండి. రెండుసార్లూ ఒకే కోత ఎక్కువ నచ్చితే, ఆ బిళ్ళను నిశ్చింతగా కొనుక్కోవచ్చు.