లూయిజీ రొస్సీనీ ఎచింగ్ చేతికొస్తే ముందు ఏం చూడాలి?

రోమ్ శిథిలాల బొమ్మలంటే అందరికీ 18వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు పిరనేసీయే గుర్తొస్తాడు. ఆయన పోయిన పన్నెండేళ్లకు రావెన్నాలో పుట్టిన లూయిజీ రొస్సీనీ (1790–1857) కూడా అదే పని చేశాడు. రాగిపలక మీద గీతలను ఆమ్లంతో తొలిచి, వాటిలో సిరా నింపి కాగితం మీద అచ్చొత్తడమే ఎచింగ్. 1819–1823 మధ్య తెచ్చిన రోమన్ పురావస్తువుల సంపుటి ఒక్కదానిలోనే 101 పలకల అచ్చులున్నాయి. అలాంటి సంపుటాలు విప్పేసి విడి కాగితాలుగా అమ్ముతుంటారు. నకళ్లు కలిసేది అక్కడే.

ఫ్రేములోంచి తీయకుండా ఏదీ తేల్చకండి. గది చీకటి చేసి, టార్చి కాంతిని కాగితం పక్కనుంచి, దాదాపు నేలబారుగా వేయండి. ఎచింగ్‌లో సిరా కాగితం మీద సన్నగా ఉబ్బి ఉంటుంది. తోరణాల కింది చీకట్లో ఇది బాగా తెలుస్తుంది. తర్వాత 10 రెట్ల భూతద్దం. గీత బదులు వరుసగా చుక్కలు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ అచ్చు (ఈ కాలపు యంత్రాల అచ్చు), ఇక చూడక్కర్లేదు. గీతలో ఇసుక చల్లినట్టు రేణువులుంటే ఫోటోగ్రావ్యూర్ (ఫోటో ద్వారా రాగిపలక మీదికి బొమ్మ ఎక్కించి తీసిన నకలు) అని అనుమానించాలి. చిక్కంతా దీనితోనే: ఇదీ రాగిపలక మీంచే అచ్చవుతుంది కాబట్టి, బొమ్మ చుట్టూ పలక ఒత్తిన గాడి దీనికీ ఉంటుంది. గాడి చూసి మోసపోవద్దు.

కింద ‘రొస్సీనీ డిసెగ్నో ఎ ఇన్చీసే’ (గీసి చెక్కినవాడు రొస్సీనీ) అని, పక్కన ఏడాది ఉండొచ్చు. అది పలక చేసిన ఏడాది, మీ కాగితం అచ్చయిన ఏడాది కాదు. తొలి పలకల్లో కొన్నిటికి మనుషుల బొమ్మలు బార్తొలొమెయో పినెల్లీ అనే రోమ్ చిత్రకారుడు వేశాడు, ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి. అచ్చు మీద అచ్చు తీసేకొద్దీ రాగి అరుగుతుంది: ముందు ఆకాశంలోని సన్నగీతలు పోతాయి, తర్వాత నీడలు బూడిదరంగుకు తిరుగుతాయి. అలాంటిది అసలుదే, కానీ తొలి ప్రతి ధర ఇవ్వకూడదు.

అల్ట్రావయొలెట్ టార్చి కింద కాగితం నీలంగా మెరిస్తే అందులో తెల్లదనం కోసం కలిపిన రసాయనం ఉన్నట్టు. అది 20వ శతాబ్దం నడిమి తర్వాతి కాగితం.

ఇక దాచుకోవడం. లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. పై అంచున రెండుచోట్ల జపాన్ కాగితపు ముక్కలను గోధుమ గంజితో అంటించి, ఆమ్లం లేని అట్టకు వేలాడదీయండి. అద్దం బొమ్మకు తగలకూడదు. గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉంటే మేలు, 65 దాటితే బూజు పడుతుంది. వానాకాలం చెమ్మ పట్టే గోడకు తగిలించకండి. ఫ్రేములో పట్టలేదని అంచు కత్తిరిస్తే ఆ గాడితోపాటు సగం విలువా పోతుంది.