కొందరికి ఉక్క, కొందరికి చలి

మా బిల్డింగ్‌లో నీళ్లు కాచి గదులు వెచ్చబడేలా అన్ని ఫ్లాట్లకూ పంపే బాయిలర్‌కి దగ్గరున్న ఫ్లాట్లవాళ్లు చలికాలంలోనూ కిటికీలు తెరుచుకుని కూర్చుంటే, చివరి ఫ్లాట్లవాళ్లు స్వెటర్లు వేసుకుని నాకు ఫోన్లు చేసేవాళ్లు, నేనేమో బాయిలర్ వేడి ఇంకాస్త పెంచేవాణ్ని, బిల్లు కట్టేదీ నేనే. తప్పు బాయిలర్‌ది కాదు. దగ్గరి రేడియేటర్లే, అంటే గదుల్ని వెచ్చబరిచే లోహపు పలకలే, వేడినీళ్లు లాగేసుకుంటున్నాయి.

ముందు ఇరుక్కున్న గాలి తీశాను (రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంటే గాలి చేరినట్టే). తర్వాత దగ్గరివాటి రిటర్న్ వాల్వ్‌లు (నీళ్లు రేడియేటర్‌లోంచి తిరిగి వెళ్లే చోట ఉండేవి) బిగించాను, ఒక్కోసారి పావు చుట్టే, మర్నాటిదాకా ఆగి చూడాలి, విసుగొచ్చే పని. గది వెచ్చబడగానే తనంతట తానే మూసుకునే థర్మోస్టాటిక్ వాల్వ్ గదికొకటి పెట్టించాక నీటి వేడి 75 డిగ్రీల నుంచి 65కి దించినా ఫోన్లు రాలేదు, ఒక్క పెద్దావిడ తప్ప. ఆవిడ వాల్వ్ మీదికి పరదా దించేశారు, పరదా వెనక చేరిన వేడికి గది వెచ్చబడిందనుకుని వాల్వ్ మూసుకుపోతోంది.