పిల్లి నోట్లోంచి చొంగ కారుతుంటే ఏం చూడాలి, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి

కుక్క చొంగ కారిస్తే మనం పెద్దగా పట్టించుకోం. అన్నం గిన్నె కనిపిస్తే చాలు, దానికి నోరూరుతుంది. పిల్లి అలా కాదు. తిండి చూసి చొంగ కార్చే పిల్లులు తక్కువ. అందుకే గడ్డం కింద బొచ్చు తడిసి ముద్దయి కనిపిస్తే ఏదో ఒక కారణం ఉన్నట్టే. అది వట్టి ముద్దు కావచ్చు, చేదు మాత్ర కావచ్చు, నాలుక కింద ఇరుక్కున్న దారమూ కావచ్చు.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో పన్నెండేళ్లుగా పిల్లులు ఉన్నాయి. చొంగ కనబడగానే నేను మూడు విషయాలు చూస్తాను. ఇవాళే మొదలైందా, కొన్నాళ్లుగా ఉందా? ఒక పక్క నుంచి కారుతోందా, రెండు పక్కలా కారుతోందా? అన్నిటికంటే ముఖ్యంగా, తింటోందా లేదా?

ఒళ్లో ఉన్నంతసేపే కారుతుంది

గురగురమంటూ, ముందు కాళ్లతో పిండి పిసికినట్టు మీ తొడను పిసుకుతూ, కళ్లు మూసుకుని చుక్కలు చుక్కలుగా చొంగ కారుస్తుంటే అది హాయిగా ఉందని అర్థం. పాలు తాగే వయసులో తల్లి దగ్గర చేసిన పనే ఇది. లేవగానే చొంగ ఆగిపోతుంది. చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉంటే టెన్షన్ అక్కర్లేదు. ఎన్నడూ లేనిది ఆరేడేళ్ల వయసులో కొత్తగా మొదలైతే మాత్రం నోరు చూపించండి.

మాత్ర వేయగానే నురగ

నోటి నిండా తెల్లటి నురగ వస్తే ఫిట్స్ అనుకుని భయపడతాం. చాలాసార్లు అది చేదు మాత్ర నాలుకకు తగలడం వల్లే. కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. మాత్రకు కాస్త వెన్న రాసి నాలుక వెనక భాగంలో వేయండి. ఆ తర్వాత సూది తీసిన సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్లు బుగ్గ పక్క నుంచి మెల్లగా పట్టండి. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్ర నీళ్లు లేకుండా గొంతు దిగువన ఆగిపోతే అక్కడ పుండు పడుతుంది.

ఆటోలోనో కారులోనో మాత్రమే

కడుపులో తిప్పడం, దానికి తోడు భయం. బయల్దేరే ముందు నాలుగైదు గంటలు తిండి పెట్టకండి, నీళ్లు ఇవ్వచ్చు. బుట్ట మీద తువ్వాలు కప్పండి. ఇంటికొచ్చాక తగ్గకపోతే కారణం ప్రయాణం కాదు.

ఆకలిగా వస్తుంది, ఒక ముక్క పట్టుకుని వదిలేస్తుంది

పెద్ద పిల్లుల్లో చొంగకు నేను మొదట అనుమానించేది పళ్లనే. గిన్నె చప్పుడు వినగానే పరుగెత్తుకొస్తుంది. ఒక ముక్క నోట పెట్టుకుని ఉలిక్కిపడి వెనక్కి పోతుంది. ఇంట్లోవాళ్లు తిండి సయించడం లేదంటారు. ఆకలి ఉంది, నమలలేకపోతోంది, అంతే. తల ఒక పక్కకు వంచి తినడం, పంజాతో మూతి రుద్దుకోవడం, నోటి దుర్వాసన, చొంగలో లేత ఎర్రటి చార, ఇవన్నీ పంటి వైపే చూపిస్తాయి.

వెలుతురులో కూర్చుని పై పెదవి మెల్లగా ఎత్తండి. బుగ్గ పళ్ల మీద గోధుమరంగు గార, దాన్ని ఆనుకుని చిగురు మీద ఎర్రటి గీత కనిపిస్తే చిగుళ్ల జబ్బు. పంటి మొదట్లో చిగురే పన్ను మీదికి పాకినట్టు చిన్న గులాబీ మచ్చ కనిపిస్తే అది మరో రకం. ఆ పంటిని శరీరమే కరిగించేసుకుంటోంది. పిల్లుల్లో ఇది చాలా మామూలు, నొప్పి మాత్రం విపరీతం. గొంతు దగ్గర పచ్చి మాంసంలా ఎర్రబడితే నోరంతా వాచే జబ్బు. అందులో చాలా పళ్లు తీసేయాల్సి రావచ్చు. అది విని బాధపడకండి. పళ్లు లేకపోయినా పిల్లి మెత్తటి తిండి హాయిగా తింటుంది, నొప్పితో ఉన్న పళ్లతోనే తినలేదు. ఇవన్నీ మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి డాక్టర్ చేయాల్సిన పనులు.

పిల్లి కూనల్లో తుమ్ములు, కళ్ల నీళ్లు, నాలుక మీద పుళ్లు కలిసి వస్తే కాలిసీవైరస్ అయి ఉండవచ్చు. దాని నుంచి కాపాడే టీకా 8 వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల తేడాతో మళ్లీ వేస్తారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా ఉడికించిన చికెన్ గానీ ముల్లు తీసిన చేప గానీ ఉప్పూ కారం లేకుండా మెత్తగా మెదిపి గోరువెచ్చగా పెట్టండి. మన పంటి నొప్పికి వాడే లవంగ నూనె పిల్లికి విషం. పారాసిటమాల్ అయితే ఒక్క మాత్ర చాలు, ప్రాణం పోతుంది. అలాంటివి విరగ్గొట్టేంత సత్తా పిల్లి కాలేయానికి లేదు.

హఠాత్తుగా మొదలైంది, మాటిమాటికీ గుటకలు వేస్తోంది

ఇది మా పిల్లి పండు కథ. వేసవిలో ఒక సాయంత్రం గడప దగ్గర కూర్చుని గుటకలు వేస్తోంది, నాలుక ఆడిస్తోంది, ఎడమ మూతి నుంచి చొంగ. అత్తయ్య చేపముల్లు గుచ్చుకుందేమో అన్నారు. ఆ మధ్యాహ్నం ఇంట్లో చేప వండిన మాట నిజమే. ఒక చేత్తో తల వెనక్కి వంచి, కింది దవడ రెండు ఎముకల మధ్య మెత్తటి చోట బొటనవేలితో పైకి నొక్కాను. నాలుక లేచింది. దాని మొదట్లో తెల్లటి సన్నటి గీత, చుట్టూ మాంసం కోసుకుపోయి ఎర్రగా ఉంది. ముల్లు కాదు, ముందురోజు తీసేసిన మల్లెదండ దారం. ఒక కొస నాలుకకు చుట్టుకుంది, రెండోది గొంతులోకి దిగిపోయింది.

చెయ్యి లాగడానికే పోతుంది. లాగకండి. లంగా బొందు లాగితే గుడ్డ ఎలా కుచ్చులు పడుతుందో పేగు అలా కుచ్చులు పడుతుంది, దారం రంపంలా కోస్తుంది. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ వేలాడుతున్న దారం ఏదైనా ఇదే లెక్క. నేను దాన్ని ముట్టుకోకుండా తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లాను. మత్తిచ్చి ముడి కోశారు, స్కానింగ్ చేసి కడుపు తెరిచి మిగతాది తీశారు. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో వాడిన పూలదండ మూత ఉన్న చెత్తబుట్టలోకే వెళ్తుంది. కుట్టుమిషన్ దారాలు, సూదులు కూడా అంతే.

ముల్లు అయితే దంతాల మధ్య అడ్డంగా ఇరుక్కుని పైకే కనిపించవచ్చు. వదులుగా ఉండి, పిల్లి ఓర్చుకుంటే తీయవచ్చు. గుచ్చుకుని ఉంటే డాక్టరే తీయాలి.

ఏదో నాకింది, ఏదో కొరికింది

గుంటూరు వైపు డాబాల మీద మిరపకాయలు ఆరబోసే రోజుల్లో పంజాలకు కారం అంటుకుని, ఆ పంజాలు నాకి చొంగ కార్చే పిల్లులు ఉంటాయి. తడిగుడ్డతో మూతి తుడిచి, కాళ్లు తేలికపాటి సబ్బుతో కడిగి, పక్కన నీళ్ల గిన్నె పెట్టండి. మనీప్లాంట్ ఆకు కొరికినా అంతే, దాని పాలలోని సూదుల్లాంటి స్ఫటికాలు నాలుకను గుచ్చుతాయి. ఇవి కొన్ని గంటల్లో సర్దుకుంటాయి. మూతి వాచినా, ఊపిరి ఇబ్బందైనా ఆగవద్దు.

పురుగుమందు విషయంలో మాత్రం ఒక్క నిమిషం కూడా వృథా చేయకండి. పత్తికో మిర్చికో కొట్టి వచ్చిన పంపు, ఆ బట్టలు తగిలినా చాలు. చొంగ ధారగా కారడం, కంటిపాప చుక్కంత అయిపోవడం, విరేచనాలు, ఒళ్లు వణకడం, ఇవి కలిసి కనిపిస్తే పరుగెత్తండి. మందు డబ్బా లేబుల్ వెంట తీసుకెళ్లండి. ఏ రకమో తెలిస్తేనే విరుగుడు త్వరగా పడుతుంది. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లి మీద వేసినా ఇదే ప్రమాదం. ఫిట్స్ లేకపోతే గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఆ చోటు కడిగి వెంటనే బయల్దేరండి. బొకేల్లో వచ్చే లిల్లీ ఏ భాగం తిన్నా, దాని పుప్పొడి నాకినా మూత్రపిండాలు పోతాయి. మొదట కనబడేవి చొంగా వాంతులే, అందుకే వాటిని తేలిగ్గా తీసుకోవద్దు.

ఫినాయిల్ తొక్కి కాళ్లు నాకడం కూడా మన ఇళ్లలో మామూలే. తుడిచిన నేల పూర్తిగా ఆరేదాకా పిల్లిని వేరే గదిలో ఉంచండి. నాకేసి ఉంటే కాళ్లు కడిగి డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఏం మింగినా ఉప్పునీళ్లు పోసి కక్కించకండి, నూనె పట్టకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో జబ్బు.

కరెంటు వైరు కొరికిన పిల్లి పైకి బాగానే కనిపించినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఆ రోజే చూపించండి.

మే నెల మధ్యాహ్నం, నోరు తెరిచి ఎగరొప్పుతోంది

బెజవాడ ఎండ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రేకుల గదిలో, మూసిన బాల్కనీలో చిక్కుకున్న పిల్లి నోరు తెరిచి ఎగరొప్పుతూ చొంగ కారుస్తుంటే, చిగుళ్లు బాగా ఎర్రబడితే వడదెబ్బే. దాని మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్, 40 దాటితే ప్రమాదం. నీడకు తెచ్చి, మామూలు కుళాయి నీళ్లతో పొట్ట, పంజాలు తడిపి ఫ్యాన్ కింద ఉంచండి. ఐసు నీళ్లు వద్దు, చర్మంలో రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి బయటికి రాదు. కాస్త తేరుకున్నట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ముసలి పిల్లి, చిక్కిపోతోంది

నీళ్లు ఎక్కువ తాగుతూ, నోరు మూత్రం వాసన కొడుతుంటే మూత్రపిండాలకు రక్త పరీక్ష. నాలుక కింద గడ్డ, దవడ ఒక పక్క వాపు ఉంటే వారం కూడా ఆగవద్దు, పుట్టకురుపు (క్యాన్సర్) కావచ్చు. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని అదే పెద్ద జబ్బవుతుంది.

టీకా లేని పిల్లి, తీరు మారిపోయింది

కారణం లేకుండా కరవడం, మింగలేకపోవడం, గొంతు మారడం, తూలడం, వాటితోపాటు చొంగ. రేబిస్ అనుమానించాలి. నోట్లో చెయ్యి పెట్టకండి, గదిలో ఉంచి పశువైద్యుడికి చెప్పండి. కరిచినా, రక్కినా, పుండు మీద చొంగ పడినా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి. ఇంటి పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించండి.

బయల్దేరే ముందు పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. ఆలస్యమైనా, చిగుళ్లు పాలిపోయినా, నీలంగానో మట్టిరంగులోనో ఉన్నా అది ఎమర్జెన్సీ. ముందే ఫోన్ చేసి ఆ మాట చెప్పండి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు అనుబంధంగా ఆస్పత్రి ఉంది. రాత్రిపూట మీ దగ్గర్లో ఎవరు చూస్తారో ఇవాళే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. చొంగ కారుతున్నప్పుడు తీసిన అర నిమిషం వీడియో, ఎప్పుడు మొదలైందో రాసుకున్న టైము, కొరికిన ఆకో డబ్బానో వెంట ఉంచుకోండి. బల్ల మీదికి ఎక్కించగానే భయానికి చాలా పిల్లులు బిగుసుకుపోతాయి, ఇంట్లో మీరు చూసింది అక్కడ డాక్టర్‌కి కనిపించకపోవచ్చు.