అంతర్వేది సంగమం చూడబోతున్నారా? పాటు మీద నీళ్లలో దిగొద్దు

మొన్న అమావాస్య మర్నాడు, హైదరాబాదు నుంచి మా చుట్టాలింటికి వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు అంతర్వేదిలో దర్శనం చేసుకుని, సంగమం చూద్దామని అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్లారు. అప్పటికి పదకొండు దాటింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే కాళ్ల కింద ఇసుక జారింది. ఇద్దరు మొగలోకి, అంటే గోదావరి సముద్రంలో కలిసే చోటికి, కొట్టుకుపోయారు. వేట నుంచి తిరిగొస్తున్న పడవ వాళ్లు చూసి అందుకున్నారు కాబట్టి బతికారు. ఇద్దరికీ ఈత వచ్చు. సాయంత్రం ఆసుపత్రికి వెళితే ఒకడు నాతో అన్నాడు: “మోకాలి లోతే కదా బాబాయ్, పైగా నీళ్లు తగ్గుతున్నాయి. అందుకే దిగాం.”

ఆ మాట నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను. మాది సఖినేటిపల్లి పక్క. మొగ దగ్గర పోయినవాళ్లలో నాకు తెలిసినవాళ్లు ఎక్కువమంది నీళ్లు పెరుగుతున్నప్పుడు పోలేదు, తగ్గుతున్నప్పుడే పోయారు. తాగి దిగొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు లాంటివి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను. ఈ ఒక్క విషయం మాత్రం మీ ఇంటిల్లిపాదికీ చెప్పి బయల్దేరండి: పాటు మీద, అంటే నీరు సముద్రంలోకి తీస్తున్నప్పుడు, నీళ్లలో దిగొద్దు.

పుస్తకాల్లో ఆటు అని రాసేదాన్ని వేటకెళ్లేవాళ్లు పాటు అంటారు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఆరు గంటలు నీరు ఎక్కుతుంది, ఆరు గంటలు తీస్తుంది. పోటు మీద సముద్రం గోదావరి వశిష్ఠ పాయలోకి కిలోమీటర్ల కొద్దీ ఎగదన్నుతుంది. పైనుంచి వచ్చే ఏటి నీరు ఎదురు తోస్తుంది కాబట్టి ఆ వడి కొంత తగ్గుతుంది. పాటు మీద ఎదురనేదే ఉండదు. లోపలికి వచ్చిన ఉప్పునీరు, పైనుంచి దిగే గోదావరి నీరు, రెండూ కలిసి ఒకే ఇరుకు మొగలోంచి ఒకే వైపు పోవాలి. బయటి నుంచి వచ్చే కెరటాలు ఆ ప్రవాహానికి అడ్డం పడతాయి. ఒక పక్క మట్టి రంగు, ఒక పక్క నీలం, మధ్యలో నీరు ఉడుకుతున్నట్టు లేచి పడుతుంటుంది. చూసి తీరాల్సిన దృశ్యమే, నేను కాదనను. నాకు ఇప్పటికీ చూడాలనిపిస్తుంది. కానీ గట్టి ఒడ్డు మీద నిలబడే చూస్తాను.

పోటు మీద కాలు జారితే నీరు మిమ్మల్ని ఏటి లోపలి వైపు తోస్తుంది. పాటు మీద జారితే నేరుగా సముద్రంలోకి తీసుకుపోతుంది. మామూలుగా ఈత వచ్చినవాడు గంటకు మూడు కిలోమీటర్లు ఈదితే గొప్ప. మొగలో నీటి వడికి అది ఏ మూలకీ చాలదు.

మోసం ఎక్కడుందంటే, పాటు మీద నీళ్లు మంచివాటిలా కనిపిస్తాయి. మట్టం దిగుతుంది, ఇసుక తిన్నె తేలుతుంది, అంచున నీరు పలచగా, తేటగా ఉంటుంది. పిల్లలు ఆడుకోవచ్చనిపిస్తుంది. ఆ తిన్నె అంచు మాత్రం నీళ్ల కింద చెరువు గట్టులా ఏటవాలుగా ఉండదు, నిలువుగా కోసినట్టు ఉంటుంది. నీరు దాని అడుగు తొలుచుకుంటూ పోతుంటుంది. మీరు నిలబడ్డ చోట మోకాలి లోతు, రెండడుగుల అవతల నిలువులోతు. మనిషి బరువు పడితే అంచు విరిగిపోతుంది. మా చుట్టాల పిల్లలకి జరిగింది అదే.

ఇక వేళల సంగతి. పున్నమికీ అమావాస్యకీ, ఆ తర్వాతి రెండు రోజులకీ పోటు, పాటు రెండూ పెద్దవి. మన తీరంలో ఆ రోజుల్లో నీటి మట్టం తేడా మీటరు దాటి మీటరున్నర దాకా ఉంటుంది. ఆ రోజుల్లో నిండు పోటు ఇంచుమించు ఉదయం ఎనిమిది, పది మధ్య వస్తుంది. అక్కడి నుంచి మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య దాకా పాటే. ఆ మధ్య గంటల్లో వడి బాగా ఎక్కువ. ఇప్పుడు మన జనం ఏం చేస్తారో చూడండి. భీష్మ ఏకాదశికి రథోత్సవం చూసి, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం చేసి, టిఫిన్ తిని, పది పదకొండింటికి సంగమం చూద్దామని తిన్నెల మీదికి నడుస్తారు. సరిగ్గా గోదావరి సముద్రంలోకి దూకుతున్న వేళ అది. కార్తీక పౌర్ణమికీ ఇంతే. పుణ్య తిథి, పెద్ద పాటు ఒకే రోజున పడతాయి, అందులో మన చేతిలో ఏమీ లేదు. కాబట్టి స్నానం జనం మధ్య, పోలీసులు, గజ ఈతగాళ్లు ఉన్న సముద్రపు ఒడ్డున చేయండి, మొగ వైపు నీళ్లలో వద్దు.

పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి నిన్న వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన వేళ ఈరోజు పనికిరాదు. బయల్దేరే ముందు ఫోన్‌లో కాకినాడ పోటు వేళలు చూసుకోండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ పోటు వేళలతో పాటు ఎత్తయిన కెరటాల హెచ్చరికలు కూడా ఇస్తుంది. మొగలో వేళ అటూ ఇటూ అవుతుంది, పైగా సముద్రం తిరిగినా ఏటి నీరు కాసేపు బయటికే పోతూ ఉంటుంది. అందుకే కాగితం మీది వేళని నమ్మి దిగొద్దు. ఒడ్డున ఒక కొబ్బరి డొక్క తీసి నీళ్లలోకి విసరండి. అది సముద్రం వైపు పోతుంటే పాటు. పాటు మీద నీళ్లలో దిగొద్దు.

వరద రోజుల్లో ఈ లెక్కలేవీ పనిచేయవు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఎగరేస్తారు. మొదటి హెచ్చరిక వినగానే ప్రయాణం మానేయండి. అప్పుడు పోటు మీద కూడా నీరు బయటికే పోతుంది.

వేసవి సెలవుల్లో వచ్చేవాళ్లకి ఇంకో మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మోటారు పడవలు ఒడ్డునే ఉంటాయి. మా పిల్లల్ని అందుకున్న పడవ లాంటిది ఆ రెండు నెలల్లో మీకు దొరక్కపోవచ్చు.

కొట్టుకుపోతే ఒడ్డుకి ఎదురీదొద్దు. అలిసిపోయి మునిగేది అక్కడే. వెల్లకిలా తేలి, తల పైన ఉంచి, ఊపిరి నిలబెట్టుకోండి. వడి తగ్గిందనిపించాక అడ్డంగా, పక్క తిన్నె వైపు ఈదండి. చెయ్యి ఊపుతూ ఉండండి.

ఒడ్డున ఉన్నవాళ్లు వెనకాలే దూకొద్దు. ఒకడి కోసం నలుగురు పోవడం గోదావరి ఒడ్డున ఎన్నిసార్లు చూశామో. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ విసరండి, తాడు విసరండి, చీర విసరండి. ఒకరు వేలితో చూపిస్తూ ఆ మనిషి మీంచి కన్ను తిప్పకుండా నిలబడాలి, ఇంకొకరు 112కి, కోస్ట్‌గార్డ్ 1554కి ఫోన్ చేయాలి. బయటికి తీశాక కడుపు నొక్కొద్దు, తలకిందులుగా పట్టుకుని తిప్పొద్దు. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఇచ్చి, ఛాతీ మధ్యలో గట్టిగా 30 సార్లు నొక్కి, మళ్లీ 2 సార్లు ఊపిరివ్వండి. 108 వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

మిగతావి వరసగా చెబుతాను.

తిన్నె మీదికి వెళ్లడానికి ఏ కాలువా దాటొద్దు. పోటు తిరిగితే ముందు నిండేది మీ వెనకున్న కాలువే.

బండి రోడ్డు మీదే ఆపండి. తడి ఇసుకలో చక్రం దిగబడితే, తోద్దామని పదిమందీ నీళ్లలో నిలబడతారు.

పంచె, చీర, జీన్స్‌తో లోతుకి వెళ్లొద్దు. తడిస్తే కాళ్లకి చుట్టుకుంటాయి.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు బయటపడ్డవాళ్లలో చాలామంది జాకెట్ వేసుకున్నవాళ్లే. పడవ నడిపేవాడు ఈ పూట వద్దంటే డబ్బు ఎక్కువిస్తామని బతిమాలొద్దు.

మొగ వైపు వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవద్దు.

తిన్నె అంచుకి పది అడుగుల ఇవతలే ఆగండి.

చీకటి పడ్డాక అటు వెళ్లొద్దు.

వల వేసుకునేవాళ్లు ఆ నీళ్లలో ఉన్నారు కదా, మనకేం అని దిగొద్దు. వాళ్లకి అడుగు తెలుసు. మీకు తెలియదు.

“మా నాన్న గజ ఈతగాడు” అనే పిల్లాడినీ దింపొద్దు, వాళ్ల నాన్ననీ దింపొద్దు.

ఓడలరేవు దగ్గర వైనతేయ మొగకీ ఇవే మాటలు. నరసాపురం వైపు నుంచి బియ్యపుతిప్ప వెళ్లేవాళ్లకీ ఇవే. పాటు మీద నీళ్లలో దిగొద్దు.

బంతి పోయిందా, చెప్పు పోయిందా, లక్ష రూపాయల ఫోన్ పోయిందా, పోనివ్వండి. దాని వెనక ఒక్క అడుగు కూడా వేయొద్దు.