గుల్ల మీది రంధ్రం చూసి, దాన్ని తిన్నదెవరో కనిపెట్టడం ఎలా

కాకినాడ తీరంలో, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో బురద మేటల మీద ఖాళీ గుల్లలు బోలెడు దొరుకుతాయి. ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూడండి. ఆవగింజంతో మిరియపు గింజంతో చక్కటి గుండ్రటి రంధ్రం ఒకే ఒక్కటి ఉంటే, దాన్ని ఓ నత్త తినేసిందన్నమాట.

రంధ్రం అంచు చూడండి. గరాటులా బయట వెడల్పుగా, లోపలికి సన్నబడితే సాధారణంగా అది ఇసుకలో దూరి తిరిగే మూన్ స్నెయిల్ అనే నత్త పని. గోడలు నిలువుగా ఉంటే మ్యూరెక్స్ జాతి నత్తను అనుమానించాలి. రెండూ గుల్లను గట్టిగా పట్టుకుని, ఆమ్లం ఉన్న స్రావంతో పెంకును మెత్తబరుస్తూ ఆకురాయిలాంటి నాలుకతో గీరుతాయి, గంటల తరబడి, ఒక్కోసారి రోజు దాటేదాకా. గుంట పడి లోపలికి తెగకపోతే ఆ దాడి ఫలించలేదని అర్థం, నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఈ గుల్లలే. మూన్ స్నెయిల్ సగంలో వదిలేసిన గుంట మధ్యలో చిన్న బొడిపె కూడా ఉంటుంది. అది తన జాతి నత్తలనూ వదలదు, కాబట్టి ఖాళీ నత్త పెంకులను కూడా తిప్పి చూడండి.

అంచులు ముక్కలుగా విరిగి ఉంటే మండపీత కావచ్చు, కానీ అలల తాకిడికీ పడవ తగిలీ కూడా విరుగుతాయి, ఒక్క గుల్ల చూసి తేల్చేయకండి. జల్లెడలా అంతటా చిన్న చిన్న రంధ్రాలుంటే అది పెంకులో కాపురముండే స్పాంజి, తినడానికి వచ్చింది కాదు.

లెక్క వేయాలంటే ఒకే చోట, రెండు చిప్పలుండే గుల్లల్లో ఒకే రకానివి, విడి చిప్పలు, ఏరకుండా చేతికొచ్చినవి వచ్చినట్టు 100 తీయండి. 10 చిప్పలకు రంధ్రాలుంటే 10 శాతం అనుకుంటారు చాలామంది. అది తప్పు! ఒక్కో జీవికి రెండు చిప్పలు, రంధ్రం మాత్రం ఒకదానికే, అంటే 50 జీవుల్లో 10, సుమారు 20 శాతం. రంధ్రమున్న చిప్పల పొడవు కూడా కొలిచి రాసుకుంటే నత్తలు ఏ సైజువి ఎక్కువ తింటున్నాయో తెలుస్తుంది.

బతికున్నవాటిని ముట్టుకోవద్దు, శంకువు ఆకారం గవ్వలనైతే అసలే వద్దు, విషపు ముల్లు గుచ్చుతాయి. ఇసుకతో చేసిన చొక్కా కాలర్‌లాంటిది కనిపిస్తే అది మూన్ స్నెయిల్ గుడ్ల పట్టీ, అక్కడే ఉండనివ్వండి. పోటు మొదలవకముందే గట్టెక్కేయండి.